చింత దుంగ కోస్తే పలక అలలు అలలుగా వస్తోందా?

అన్నా, బ్యాండ్‌సా మిషన్ (పట్టీ రంపం) మీద ఎండిన చింత దుంగ కోస్తుంటే పలక మధ్యలో పైకి లేచి మళ్లీ దిగుతోందని, బ్లేడు టెన్షన్ (బిగువు) పెంచినా లాభం లేదని రాశారు. ఇక పెంచకండి, బ్లేడు తెగుతుంది.

ముందు కొత్త బ్లేడు వేసి అదే దుంగలో ఒక్క పలక కోయండి. సాఫీగా వస్తే మిషన్ బాగున్నట్టే, తప్పు పాత బ్లేడుది. చింత చేవ పదునును ఇట్టే తినేస్తుంది. చాలామంది పదును పెట్టి, పళ్ల సెట్ (పళ్లు అటూ ఇటూ ఎంత వంగి ఉన్నాయన్నది) చూడకుండా ఇచ్చేస్తారు. ఒకవైపు పళ్లు ఎక్కువ వంగి ఉంటే బ్లేడు అటే లాగుతుంది.

కొత్తదానితోనూ అలలే వస్తే, బ్లేడును నిలకడగా ఉంచే గైడ్ రోలర్లు చూడండి. అవి బ్లేడును సుమారు 6 మి.మీ. కిందికి నొక్కి ఉంచాలి. జరిగే గైడును దుంగకు వీలైనంత దగ్గరగా తీసుకురండి. నేను మాధవరంలో మొదలుపెట్టిన ఏడాదంతా దాన్ని ఒకేచోట వదిలేసి దుంగల్ని తిట్టుకున్నాను!

గట్టి చెక్కకు నిదానంగా తోయండి. గిన్నెలు కడిగే లిక్విడ్ కొంచెం కలిపిన నీళ్లు బ్లేడు మీద చుక్కలుగా పడనిస్తే జిగురు పట్టదు. సాయంత్రం టెన్షన్ వదులు చేసే ఇంటికెళ్లండి.

అది రోడ్డు పక్క చెట్టయితే మాత్రం ముందు మెటల్ డిటెక్టర్ తిప్పాల్సిందే. 2016లో వర్దా తుఫానుకు పడిన వేప ఒకటి కోస్తే, దానికి కొట్టిన బోర్డుల మేకులకు నాకు ఒక్కరోజే మూడు బ్లేడ్లు పోయాయి. చెక్కలో నీలి నలుపు మరక కనిపిస్తే దగ్గర్లో ఇనుము ఉందని అనుమానించండి.