చదునైన నేలపై నాలుగు రోజుల నడక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి జర్మనీలోని హాంబుర్గ్‌లో చదువుకుంటోంది. ఆగస్టులో నేనూ, మావారూ అక్కడికి వెళ్తున్నాము. ఇద్దరికీ అరవై దగ్గరపడుతున్నాయి. రోజూ ఉదయం ఐదు కిలోమీటర్లు నడుస్తాము గాని, కొండలెక్కే ఓపిక లేదు. దగ్గరలోని లూనెబుర్గ్ హీత్ అనే పొదల మైదానం చదునుగానే ఉంటుంది కాబట్టి హైడ్‌ష్నుకెన్‌వెగ్ అనే బాటలో రోజుకు పాతిక కిలోమీటర్ల చొప్పున నాలుగు రోజుల్లో వంద పూర్తి చేద్దామని అమ్మాయి అంటోంది. మావల్ల అవుతుందా?

జవాబు: చోటు విషయంలో మీ అమ్మాయి ఎంపిక చక్కనిది, లెక్క మాత్రం మీకు సరిపడదు. ఆ ప్రాంతమంతటిలో ఎత్తైన విల్‌జెడె గుట్ట కూడా 169 మీటర్లే. అయితే చదును నేల మీద అలసట ఎక్కడం వల్ల కాదు, ఇసుక వల్ల వస్తుంది. గుర్రాలు తొక్కిన ఇసుక బాటలో అడుగు వేసినప్పుడల్లా మడమ అంగుళం లోపలికి దిగి, తిరిగి పైకి లాగవలసి వస్తుంది. గట్టి బాట మీద గంటకు నాలుగు కిలోమీటర్లు నడిచేవారు అక్కడ మూడు నడిస్తే గొప్ప. పైగా ఎక్కడం దిగడం లేనందువల్ల రోజంతా అవే కండరాలు, పాదంలోని అదే భాగం ఒరుసుకుంటూ ఉంటాయి. రెండవ రోజు మధ్యాహ్నానికి బొబ్బలు తేలేది అందుకే. మీరు రోజుకు 12 నుంచి 15 కిలోమీటర్లకు మించి పెట్టుకోకండి.

మొత్తం బాట హాంబుర్గ్ శివారులోని ఫిష్‌బెక్ నుంచి సెల్లె పట్టణం దాకా 223 కిలోమీటర్లు ఉంటుంది. అందులో మీకు కావలసింది నడిమి భాగమే. మొదటి రోజు బుఖ్‌హోల్ట్స్ మీదుగా రైలులో హాండెలో అనే ఊరు చేరి, అక్కడి నుంచి అడవుల గుండా దాదాపు 15 కిలోమీటర్లు నడిచి ఉండెలో గ్రామంలో బస చేయండి. రెండవ రోజు అక్కడికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని విల్‌జెడె గ్రామం చూసి, పక్కనే ఉన్న గుట్టెక్కి, నీడర్‌హావర్‌బెక్ గ్రామంలో బస చేయండి. విల్‌జెడెలోకి కార్లను రానివ్వరు, ఉండెలో నుంచి గుర్రబ్బండ్లు వెళ్తాయి కాబట్టి, కాళ్లు మొరాయిస్తే బండెక్కడంలో చిన్నతనమేమీ లేదు. మూడవ రోజు సామాను బసలోనే వదిలి, ఒట్టి చేతులతో టోటెన్‌గ్రుండ్ లోయ చుట్టి రండి. పేరుకు ‘మృతుల నేల’ అని అర్థమే గాని, పూత కాలంలో అంతకన్న సజీవమైన చోటు ఆ చుట్టుపక్కల లేదు. విడిది ఇళ్లు లేవబోతున్న ఆ లోయను 1906లో విల్‌హెల్మ్ బోడె అనే పాస్టర్ చొరవతో కొని కాపాడారు. నాలుగవ రోజు ప్రధాన బాటను విడిచి పడమటగా ష్నెవర్‌డింగెన్‌కు నడిస్తే, మీరు మొదటి రోజు ఎక్కిన రైలు మార్గమే అక్కడ మళ్లీ దొరుకుతుంది. బిస్పింగెన్ మీదుగా సోల్టావ్‌కు పోవడం కూడా వీలే గాని, ఆ చివరి మజిలీ 20 కిలోమీటర్లు దాటుతుంది, మీకు వద్దు.

దూరాల కన్న ముందు తేల్చుకోవలసింది పడక. ఆ మైదానంలో పెరిగే హీదర్ అనే పొట్టి పొదలు ఊదారంగు పూతతో నిండేది ఆగస్టు రెండవ వారం నుంచి సెప్టెంబరు రెండవ వారం దాకా మాత్రమే. అక్కడివారు ‘8.8 నుంచి 9.9 వరకు’ అని తేదీలతో గుర్తు పెట్టుకుంటారు. ఆ నెలరోజులూ చిన్న గ్రామాల్లోని గదులన్నీ ముందే నిండిపోతాయి కాబట్టి, గదులు దొరికిన గ్రామాలను బట్టి దారి గీసుకోవాలే గాని, దారి గీసుకున్నాక గదులు వెతకకూడదు. ఆ ప్రాంతపు అడవుల్లోనూ పొదల మైదానాల్లోనూ గుడారాలు వేయనివ్వరు. మార్చి 1 నుంచి అక్టోబరు 31 దాకా పొగ తాగడం కూడా నిషిద్ధం. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, పల్లెల్లోని భోజనశాలలు వారంలో ఒకటి రెండు రోజులు సెలవు తీసుకుంటాయి. కనుక ఒక పూటకు సరిపడే తిండి ఎప్పుడూ సంచిలో ఉంచుకోండి. నీళ్లు మనిషికి రెండు లీటర్లు తప్పనిసరి, ఎందుకంటే అడవి దాటి మైదానంలోకి వచ్చాక నీడ అన్నది అరుదు.

ఆ నీడ లేకపోవడానికి కారణం గొర్రెలు. పూర్వం అడవులు నరికి, పైమట్టిని గడ్డితో సహా చెక్కి పశువుల కొట్టాల్లో పరుపుగా వాడినందువల్ల నిస్సారమైన ఇసుక నేలలో హీదర్ ఒక్కటే నిలదొక్కుకుంది. హైడ్‌ష్నుకె జాతి గొర్రెలు బర్చ్, పైన్ మొలకలను మేసేయకపోతే కొన్ని దశాబ్దాల్లో అది మళ్లీ అడవి అవుతుంది. బాటకు ఆ పేరు వచ్చింది ఈ గొర్రెల వల్లనే. దారిలో మంద ఎదురైతే కాపరి దాటించేదాకా పక్కన నిలబడండి, అక్కడ పని చేస్తున్నది అవే.

బూట్లు బరువైనవి అక్కరలేదు. నెల రోజులు వాడి మెత్తబడినవి, ఇసుక దూరకుండా చీలమండ దగ్గర బిగుతుగా ఉండేవి చాలు. మధ్యాహ్నం ఆగినప్పుడు బూట్లు విప్పి ఇసుక దులిపి, మేజోళ్లు మార్చుకోండి. ఈ పది నిమిషాలు మిగుల్చుకోవాలని చూసినవారే మర్నాడు కుంటుతారు.

ప్రశ్న: లూనెబుర్గ్ హీత్ పొదల్లో పాములుంటాయా? (మరో పాఠకుడు)

జవాబు: రక్తపింజర కుటుంబానికి చెందిన క్రాయిట్స్‌ఒటర్ అనే చిన్న విషసర్పం ఉంటుంది గాని, అడుగుల అదురు తెలియగానే తప్పుకుపోతుంది. బాట విడవకపోతే దాని భయం అంతగా లేదు. అసలు చూసుకోవలసింది పిడుదులను. గడ్డి కొసల నుంచి అంటుకుని, మోకాలి వెనుక, చంకల్లో, నడుము పట్టీ కింద నువ్వుగింజంత నల్లచుక్కగా కనిపిస్తాయి. రోజూ రాత్రి స్నానం వేళ వెతికి, నూనె గాని నిప్పు గాని తగిలించకుండా, సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగేయాలి. ఇవి వ్యాపింపజేసే లైమ్ వ్యాధిలో కుట్టిన చోట ఎర్రని వలయం కొన్ని వారాల తరువాత కూడా కనిపించవచ్చు. అప్పటికి మీరు స్వదేశానికి తిరిగి వచ్చి ఉంటారు కనుక, వైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడు ఎక్కడ నడిచారో, పిడుదు ఏ తేదీన కుట్టిందో మీరే చెప్పండి, అడగకపోయినా సరే.