తెలిసిన మాట దగ్గరే ఆగి చూడు

అమ్మాయీ,

షేక్‌స్పియర్ నాటకం 'కింగ్ లియర్'కు నీ అనువాదం మూడు, నాలుగు అంకాలు చదివాను. డైలాగులు నోట్లో చక్కగా పలుకుతున్నాయి, నటులు ఇబ్బంది పడరు. కష్టమైన మాటలన్నిటికీ నిఘంటువు తిరగేశావని తెలుస్తూనే ఉంది. తప్పులు దొర్లింది వాటి దగ్గర కాదు. చిన్నప్పటినుంచీ తెలిసినవే కదా అని చూడకుండా వదిలేసిన మాటల దగ్గర.

మూడో అంకంలో లియర్ రాజు పక్షం వహించిన ప్రభువు గ్లాస్టర్‌ను కుర్చీకి కట్టేశారు. లియర్ కూతురు రీగన్ ఆయన గడ్డం పట్టుకుని వెంట్రుకలు పీకుతుంది. కాసేపట్లో ఆయన కళ్లు పీకేస్తారు. అప్పుడు ఆయన ఆమెను 'నాటీ లేడీ' అంటాడు. నువ్వు 'అల్లరి పిల్లా' అని రాశావు. ఇప్పుడు నాటీ అంటే అల్లరే, యూకేజీ పిల్లల్ని అంటాం. షేక్‌స్పియర్ కాలంలో అది దుర్మార్గుల్ని తిట్టే బరువైన మాట. 'పాపిష్టిదానా' అంటే తప్ప ఆ సీన్ నిలబడదు.

అదే అంకంలో పిచ్చి టామ్ వేషంలో ఉన్న గ్లాస్టర్ కొడుకు ఎడ్గర్ చిట్టెలుకలు, ఎలుకలు, 'చిన్న డీర్' తిని ఏడేళ్లు బతికానంటాడు. నువ్వు 'జింకపిల్లలు' అన్నావు. ఎలుకలు తినే గతి పట్టినవాడికి జింకమాంసం ఎక్కడిది? అలా అతకనప్పుడు నీకు అనుమానం రావాలి. పాత ఇంగ్లీషులో డీర్ అంటే జంతువు, ఏదైనా సరే. జింకకే పేరుగా మిగిలింది తర్వాత. ఇది మనకు కొత్త కాదు. మృగరాజు అన్నప్పుడు మృగం ఏ జంతువైనా కావచ్చు, మృగనయన అన్నప్పుడు జింకే.

ఇక నాలుగో అంకం చివర. లియర్ నిద్రలేచి చిన్నకూతురు కార్డీలియాను చూసి, నన్ను ఎగతాళి చెయ్యకండి, ఎనభై దాటిన ముసలివాణ్ణి అంటాడు. తనను తాను 'ఫూలిష్', 'ఫాండ్' అనుకుంటాడు. ఫాండ్‌కు నువ్వు 'ప్రేమగల' అని పెట్టావు. అది పూర్తిగా తప్పని అనను. ఫాండ్ అంటే మొదట తెలివితక్కువ, మతిలేని అని. మతిపోయేంతగా ముద్దు చేసేవాళ్లకు కూడా వాడుతూ వాడుతూ, నెమ్మదిగా అది ప్రేమవైపు జరిగింది. కానీ ఇక్కడ ముందు వినిపించాల్సింది పాత అర్థమే. కూతుళ్ల పొగడ్తలు నమ్మి రాజ్యం పంచిపెట్టి, నిజంగా ప్రేమించిన పిల్లను వెళ్లగొట్టిన మనిషి, ఆ పిల్ల ఎదుటే తన తెలివితక్కువతనం ఒప్పుకుంటున్నాడు. 'ప్రేమగల ముసలివాణ్ణి' అంటే తనను తాను మెచ్చుకుంటున్నట్టుంది. 'వెర్రి ముసలివాణ్ణి' అను. వెర్రిప్రేమ, వెర్రినాన్న అని మనం అనుకుంటూనే ఉంటాం కాబట్టి రెండో అర్థం దానంతటదే వచ్చి చేరుతుంది.

మొబైల్‌లో దొరికే డిక్షనరీలు ఎక్కువగా ఈనాటి అర్థాన్నే ముందు చూపిస్తాయి. నువ్వు ఆక్స్‌ఫర్డ్ వాళ్ల పెద్ద నిఘంటువు చూడు. 1884లో భాగాలుగా మొదలై 1928కి పూర్తయింది. ప్రతి అర్థం కిందా అది ఏ ఏడాది ఎవరి రాతలో కనిపించిందో ఉదాహరణలు ఉంటాయి. లియర్‌ను 1606 డిసెంబర్ 26న జేమ్స్ రాజు ఎదుట ఆడారు, 1608లో అచ్చయింది. ఆ ఏళ్లకు దగ్గరగా ఉన్న ఉదాహరణలు చదివితే చాలావరకు తేలిపోతుంది.

పాత అర్థాలు తెలిశాయి కదా అని గ్రాంథికంలోకి మాత్రం పోకు. ఆ రోజు నాటకం చూసినవాళ్లకు ఇవి పాత మాటలు కావు, ఇంట్లో, బజార్లో వాడుకునేవే.

ఐదో అంకం చివర 'పూర్ ఫూల్' వస్తుంది, అక్కడ తొందరపడకు. నా 'పూర్ ఫూల్'ను ఉరితీశారని కార్డీలియా శవం దగ్గర లియర్ అనే మాట అది. ఫూల్ అనగానే లియర్ వెంట ఉండే విదూషకుడు గుర్తొస్తాడు. అతను మూడో అంకం తర్వాత కనిపించడు, ఏమయ్యాడో నాటకం చెప్పదు. కానీ ఆ రోజుల్లో ఫూల్ ముద్దుమాట కూడా. ఉరితీసింది కార్డీలియాను కాబట్టి చాలామంది ఆ మాట ఆమె గురించే అంటారు, నా అభిప్రాయమూ అదే. 'నా వెర్రితల్లి' అని రాసి పైకి చదివి చూడు. విదూషకుడు కూడా స్ఫురించాలంటే ఫుట్‌నోట్ వద్దు. అతనున్న సీన్లలో లియర్ అతన్ని 'వెర్రోడా' అని పిలిచేలా ముందునుంచే మార్చుకుంటూ రా.

దిద్దాక మూడో అంకం ముందు పంపు.

ఆశీస్సులతో.