క్యాబేజీ ఆకులు తిన్నాక ఆవుకు కడుపుబ్బరం: ఇలా చేసి చూడు

తమ్ముడూ, హోస్కోటె మార్కెట్ నుంచి తెచ్చిన క్యాబేజీ ఆకులు పొద్దున్నే పెడితే గంటలో ఆవు ఎడమ డొక్క డప్పులా ఉబ్బుతోందని, ఇది రెండోసారని రాశావు. చిక్కంతా ఖాళీ కడుపున పచ్చిది ఎక్కువ పెట్టడంలోనే ఉంది. లేత ఆకు పొట్టలో పులిసి నురగ కడుతుంది, ఆ గాలి తేన్పుగా బయటికి రాలేదు.

ముందు రాగిగడ్డి బాగా తిననివ్వు, తర్వాతే ఆకులు. అవీ ఒక పూట నీడలో వాడబెట్టి, గడ్డితో కలిపి, కొంచెం కొంచెంగా. యలహంక పక్కన మా రెండు ఆవులకూ ఇలాగే పెడుతున్నాం, మళ్లీ ఉబ్బలేదు. మార్కెట్ ఆకుల్లో ప్లాస్టిక్ కవర్లు, రబ్బరు బ్యాండ్లు ఉంటాయి, చేత్తో ఏరు. దీనికి మాత్రం బద్ధకించొద్దు, కవర్లు పొట్టలో పేరుకుంటే ఆపరేషన్ దాకా పోతుంది.

మళ్లీ ఉబ్బితే ముందుకాళ్లు ఎత్తున ఉండేలా నిలబెట్టి వెంటనే 1962కి ఫోన్ చెయ్యి, పశువైద్య బండి వస్తుంది. వంటనూనె డాక్టరు చెబితేనే పట్టు. తల బాగా పైకెత్తి, నాలుక లాగి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోరు తెరిచి రొప్పుతున్నా, కూలబడినా బండి కోసం చూడకు, దగ్గర్లో ఉన్న పశువుల డాక్టర్ని పిలిపించు.