ట్రాక్టర్ నడపడం వచ్చు సరే, కూలికి పంపొచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. ఎనిమిది ఎకరాల వరి, సొంత ట్రాక్టర్ ఉన్నాయి. మా బాబుకు ఈ మధ్యే 16 నిండాయి. ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. పదమూడో ఏట నుంచీ ట్రాక్టర్ నడుపుతున్నాడు. దున్నడం, రోటవేటర్ కొట్టడం అన్నీ వచ్చు. మా ఊళ్లో రెండు ట్రాక్టర్లున్న ఒకాయన ఈ వానాకాలం దమ్ముకు, అంటే నాట్ల ముందు నీళ్ల మడిని బురదగా దున్నడానికి, డ్రైవర్లు దొరకడం లేదని మావాణ్ని పంపమంటున్నాడు. రోజుకు 800, రెండు పూటలా అన్నం. ఇరవై, ఇరవై ఐదు రోజుల పని. వాడు మహా హుషారుగా ఉన్నాడు, వాళ్లమ్మ మాత్రం వద్దంటోంది. ఏ వయసుకు పంపొచ్చు మేడమ్? చదువు దెబ్బతింటుందా?
ఒక తండ్రి, నల్లగొండ జిల్లా

జవాబు: అన్నా, అసలు మాట ముందే చెప్పేస్తాను. ఈ వానాకాలానికి పంపకండి. 18 నిండి, లైసెన్స్ చేతికొచ్చాక పంపండి. అప్పుడు కూడా వయసు నిండింది కదా అని పంపేయకుండా, కింద రాసిన కొన్ని సంగతులు మీరు గట్టు మీద నిలబడి మీ కళ్లతో చూసుకున్నాక పంపండి.

ట్రాక్టర్ పని తక్కువ పని అనుకుని ఈ మాట అనడం లేదు. నేనూ రైతు ఇంట్లోనే పుట్టాను. మార్కుల మెమో చూపించేటప్పుడు తల దించుకునే పిల్లలు, ట్రాలీని రివర్స్‌లో కల్లంలోకి ఎలా పెట్టారో చెప్పేటప్పుడు నిటారుగా కూర్చుంటారు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో అది ఎన్నిసార్లు చూశానో. అలాంటి ఇష్టం ఉన్న పని మీ బాబుకు పదికాలాల పాటు నిలవాలనే నా ఆరాటమంతా.

మొదట చట్టం సంగతి. వాడి కెరీర్‌కు నేరుగా తగిలేది ఇదే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 నిండకుండా రోడ్డు మీద ట్రాక్టర్ నడపకూడదు. పొలంలోనే కదా నడిపేది అంటారేమో. దమ్ము సీజన్‌లో ఈ మడి నుంచి ఆ మడికి, ఈ ఊరి నుంచి పక్క ఊరికి పోయేది రోడ్డు మీదే కదన్నా. 2019లో ఈ చట్టంలో 199ఏ అనే సెక్షన్ చేర్చారు. చాలామంది తల్లిదండ్రులకు ఇది తెలియదు. మైనర్ బండి నడుపుతూ పట్టుబడితే ఆ తప్పు తండ్రి మీదకో, బండి ఓనర్ మీదకో వస్తుంది. మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు, అంటే వానాకాలం, యాసంగి రెండూ పోయినట్టే. వీటన్నిటికన్నా నాకు భయం వేసేది చివరిది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. రేపు వరికోత మిషన్ ఎక్కాలన్నా, జేసీబీ నేర్చుకోవాలన్నా, గల్ఫ్‌కు డ్రైవర్‌గా పోవాలన్నా 18 నుంచి 25 దాకా ఉన్న ఆ ఏడేళ్లే పునాది. పదహారు, ఇరవై వేల కూలి కోసం వాటిని పణంగా పెట్టకండి.

ఇన్సూరెన్స్ సంగతి కూడా ఆ ఓనర్‌కు గుర్తుచేయండి. లైసెన్స్ లేని పిల్లవాడు నడుపుతుండగా ఎవరికైనా ఏదైనా జరిగితే, ఆ పరిహారం భారం చివరికి ఓనర్ మెడకే చుట్టుకుంటుంది. ఈ ఒక్క మాట అర్థమైతే ఆయనే వెనక్కి తగ్గవచ్చు.

అమెరికాలో కూడా ఇతరుల పొలంలో కూలికి 16 లోపు పిల్లలు 20 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్ నడపకూడదన్న నియమం ఉంది. 14, 15 ఏళ్ల పిల్లలు శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే మినహాయింపు. సొంత పొలంలో తల్లిదండ్రుల కింద చేసే పనికి ఈ నియమం వర్తించదు. సొంత పొలానికీ పరాయి పొలానికీ ఆ తేడా ఎందుకు పెట్టారో నేను చాలాసార్లు ఆలోచించాను. మీ ప్రశ్నకు అసలు జవాబు కూడా అక్కడే ఉంది.

మీ పొలంలో బాబు నడుపుతుంటే గట్టు మీద మీరుంటారు. చక్రం దిగబడితే "ఆపరా" అంటారు. ఎండ ఎక్కువైతే దిగమంటారు. అదే ఇంకొకరి పొలంలోనైతే? కాలువకు నీళ్లు వదిలిన నాలుగు రోజుల్లో ఊరంతటికీ దమ్ము కావాలి. రైతు గట్టు మీద నిలబడి "తొందరగా కానియ్యి, అవతల నాటు కూలీలు కూర్చున్నారు" అంటాడు. ఓనర్ ఫోన్ చేసి ఇంకో రెండెకరాలు అంటాడు. చీకటి పడినా లైట్లు వేసి కొట్టమంటాడు. డబ్బులిచ్చే మనిషి, పైగా వయసులో పెద్దాయన. ఆయన మొహం మీద "లేదు, నేను కొట్టను" అని చెప్పగలగాలి. మన పిల్లల్ని పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని పెంచుతాం. మంచిదే. కానీ ట్రాక్టర్ సీటులో కూర్చున్నవాడికి ఆ ఒక్క చోట ఎదురు చెప్పడం రావాలి. నడపడం పదమూడేళ్లకే వస్తుంది, వద్దని చెప్పడం మాత్రం చాలా ఆలస్యంగా వస్తుంది.

దీన్ని మీ పొలంలోనే పరీక్షించవచ్చు. బాబుకు ముందు చెప్పకుండా, వరసకు వాడికి తాతయ్యే పెద్దాయన ఎవరినైనా వచ్చి మడ్‌గార్డ్ మీద కూర్చోమనండి. మీరు దూరంగా ఉండి చూడండి. "తాతా, దిగు, దిగితేనే కదిలిస్తా" అని బండి ఆపి కూర్చుంటే వాడు దారిలో పడ్డట్టు. మొహమాటపడి గేర్ వేశాడంటే ఇంకా టైముంది. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టర్ మూసీ కాలువలో పడి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. మీ జిల్లా పక్కనే జరిగింది కాబట్టి మీకు గుర్తుండే ఉంటుంది. ట్రాలీ నిండా మనుషుల్ని ఎక్కించి పద పద అంటుంటే, కిందికి దించేసే ధైర్యం పదహారేళ్ల పిల్లవాడికి ఎక్కడి నుంచి వస్తుందన్నా?

ఇక చేతి పని. దమ్ము అన్నిటికన్నా మోసపు పని. ఇనుప చక్రాలు బురదలో దిగబడితే మన ఊళ్లలో చేసేది మీకు తెలుసు: చక్రానికి అడ్డంగా మొద్దు పెట్టి ఎక్సలేటర్ తొక్కుతారు. వెనక చక్రం తిరగలేనప్పుడు ఇంజిన్ బలం ఎటు పోతుంది? చక్రం తిరగకపోతే బండే ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. లేచిన క్షణం నుంచి వెనక్కి తిరగబడే దాకా పట్టే టైము సెకను, సెకనున్నర. క్లచ్ తొక్కాలని ఆలోచన వచ్చేలోపే అయిపోతుంది. అందుకే బాబును ఇలా అడిగి చూడండి: "బురదలో దిగబడింది, ఏం చేస్తావు?" మొద్దు, రాయి అంటూ మొదలుపెడితే వాడికి రాలేదు. "రివర్స్‌లో మెల్లగా వెనక్కి తెచ్చి చూస్తా, రాకపోతే ఆపేసి ఇంకో ట్రాక్టర్‌ను పిలుస్తా, గొలుసు కింది హుక్కుకే వేస్తా" అంటే సగం డ్రైవర్ అయినట్టే.

రెండోది పీటీఓ, అంటే ట్రాక్టర్ ఇంజిన్ బలంతో వెనక మిషన్లను తిప్పే షాఫ్ట్. ఇది మాత్రం నా సొంత ఇంటి సంగతి. మా మేనమామ ఇరవై ఏళ్ల డ్రైవర్. ఆ రోజు నూర్పిడి మిషన్‌లో గడ్డి ఇరుక్కుందని, ఇంజిన్ ఆపకుండానే దిగాడు. భుజాన నీలిగళ్ల తువాలు. షాఫ్ట్ దగ్గర వంగగానే ఆ తువాలు కొస చుట్టుకుంది. నిమిషానికి 540 చుట్లు అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. కన్ను మూసి తెరిచేలోపు తువాలు, చొక్కా, చెయ్యి. చొక్కా పాతది కావడంతో చిరిగిపోయింది, మనిషి దక్కాడు. మోచెయ్యి మాత్రం మళ్లీ పూర్తిగా చాచలేకపోయాడు. అప్పుడు నాకు పదకొండేళ్లు. షాఫ్ట్‌కు బిగుసుకుపోయిన ఆ నీలం గుడ్డను మా తాత కొడవలితో కోసి తీయడం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఇరవై ఏళ్ల అనుభవం ఆ రోజు అక్కరకు రాలేదు. దిగే ముందు పీటీఓ తీసేసి, ఇంజిన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకునే అలవాటు ఉంటే సరిపోయేది. మీ బాబు మీరు చూస్తున్నప్పుడు ఆపుతాడు. మీరు చూడటం లేదనుకున్నప్పుడు కూడా ఆపుతున్నాడా? పది రోజులు చాటుగా గమనించండి. పదిలో తొమ్మిదిసార్లు ఆపినా నేను ఇంకా కాదనే అంటాను.

ఒంటి సంగతి కూడా ఒకటి. వీపు సీటుకు ఆనించి కూర్చుని క్లచ్ పూర్తిగా నొక్కమనండి. నొక్కడానికి ముందుకు జారాల్సి వస్తే, లేదా వీపు సీటు వదిలితే, ఆ బండికి వాడి కాళ్లు ఇంకా చాలవు. ఒకసారి నొక్కడం ఎవరైనా నొక్కుతారు. సాయంత్రం ఐదింటికి, రోజంతా కొట్టాక, అదే క్లచ్ ఎలా నొక్కుతున్నాడో చూడండి.

చదువు గురించి అడిగారు. వానాకాలం దమ్ము అంటే సరిగ్గా ఇంటర్ పాఠాలు ఊపందుకునే రోజులు. గణితంలో, ఫిజిక్స్‌లో మొదటి నాలుగు వారాలు పోతే ఎంపీసీ పిల్లలు మళ్లీ అందుకోవడం కష్టం. హాజరు తగ్గితే పరీక్షల ముందు కండోనేషన్ (తగ్గిన హాజరుకు మినహాయింపు) అంటూ తిరగాలి. ఇంకో సంగతి ఉంది. చేతిలో రోజుకు 800 పడిన పిల్లవాడికి తిరిగి బెంచీ మీద కూర్చోవడం చిన్నతనంగా అనిపిస్తుంది. దసరా సెలవుల తర్వాత కాలేజీ ముఖం చూడని పిల్లల్ని చాలామందిని చూశాను.

మరి రెండేళ్లు ఊరికే కూర్చోవాలా అంటే, అస్సలు వద్దు. మీ బండినే వాడికి అప్పగించండి, నడపడానికి కాదు, చూసుకోవడానికి. పొద్దున స్టార్ట్ చేసే ముందు ఇంజిన్ ఆయిల్, రేడియేటర్ నీళ్లు చూడటం, దుమ్ములో పనిచేసిన రోజు ఎయిర్ క్లీనర్ శుభ్రం చేయడం, గ్రీజు కొట్టడం వాడి పని. ఒక నోటు పుస్తకం ఇచ్చి అవర్ మీటర్ రీడింగ్, పోసిన డీజిల్, చేసిన ఎకరాలు రాయమనండి. నెల తిరిగేసరికి ఎకరానికి ఎంత డీజిల్ తాగుతోందో, కిరాయి ఎంతుంటే గిట్టుబాటో వాడే మీకు చెబుతాడు. ట్రాక్టర్లు కిరాయికి తిప్పేవాళ్లలో ఈ లెక్క రాసుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారు? ఈ పనికి మీరే కూలి ఇవ్వండి, నెలకు ఇంత అని మాట్లాడుకుని, వాడి పేరున ఖాతా తెరిచి అందులో వేయండి. వాడికి కావాల్సింది సంపాదించానన్న తృప్తి, అది ఇక్కడ దొరుకుతుంది. నడపాలని మరీ మనసు లాగితే ఆదివారం పూట, పొడి నేల మీద, సమంగా ఉన్న మడిలో, మీరు పక్కన ఉండగా. దమ్ము, ట్రాలీ, కాలువ గట్టు, రోడ్డు ఇప్పుడు వద్దు.

ఎంపీసీ తీసుకున్నాడు కాబట్టి దారి కూడా బాగుంది. ఎప్‌సెట్ రాస్తే సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కాలేజీలో అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ బీటెక్ ఉంది. మార్కులు అంత రాకపోతే బాధపడనక్కర్లేదు. పది పాసైన అర్హతతోనే ఐటీఐలో మెకానిక్ ట్రాక్టర్ ట్రేడ్ ఉంది, ఒక్క సంవత్సరం. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ ఉంది. దక్షిణాది మొత్తానికి అదే. అక్కడ ట్రాక్టర్లు, యంత్రాల మీద కోర్సులు నడుస్తాయి, సెలవుల్లో ఒకసారి తీసుకెళ్లి చూపించండి. మందు కొట్టే డ్రోన్లు నడపాలన్నా 18 నిండి, పది పాసై ఉంటే చాలు, శిక్షణ తీసుకుని పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. మీ బాబు లాంటి పిల్లలు అందులో బాగా రాణిస్తారని నా నమ్మకం.

18 నిండగానే లెర్నర్స్ తీయించండి, నెల దాటాక పక్కా లైసెన్స్‌కు వెళ్లొచ్చు. మొదటి సీజన్ కూలి ఎకరం లెక్కన ఒప్పుకోకండి, రోజు లెక్కనే మాట్లాడండి. ఎకరం లెక్క అయితే కుర్రాడి కాలు ఎక్సలేటర్ మీద నుంచి లేవదు. రాత్రి దమ్ము మొదటి ఏడాది వద్దు. రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్లకూ కలిపి లాక్ వేస్తున్నాడో లేదో చూడండి. పొలంలో మలుపులకు విడివిడిగా వాడి, అలాగే మరిచిపోయి రోడ్డెక్కితే ఒక పక్క చక్రమే ఆగి బండి గిర్రున తిరుగుతుంది.

ఇప్పుడు మిగిలింది ఆ ఓనర్‌కు జవాబు చెప్పడం. సాయంత్రం బాబును, వాళ్లమ్మను కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. "వీడికి లైసెన్స్ రావడానికి ఇంకా రెండేళ్లుంది. వచ్చాక మొదటి సీజన్ నీ దగ్గరే చేస్తాడు, ఇప్పుడు మాత్రం కుదరదు" అని చెప్పండి. ఆయన ఇంకో వంద పెంచుతానంటాడు. మీరు కాస్త ఆగి, బాబు వైపు చూడండి. "వద్దు మామా, అప్పుడే వస్తా" అనే మాట వాణ్నే చెప్పనివ్వండి.