సాఫ్ట్‌బాల్ కోచ్ కావాలనుకుంటున్న మా అమ్మలుకు

అమ్మలూ,

నువ్వు పంపిన రెండు ఉద్యోగాల వివరాలూ చదివాను. ఒకటి పేరున్న యూనివర్సిటీలో వీడియోలు, ప్రయాణ ఏర్పాట్లు చూసే పని. రెండోది మనవాళ్లెవరూ పేరు కూడా వినని డివిజన్ 2 (కాలేజీ క్రీడల్లో రెండో స్థాయి) కాలేజీలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ కోచ్ పని. ఎప్పటికైనా హెడ్ కోచ్ కావాలన్నదే నీ కోరికైతే రెండోదానికే వెళ్లు. ఎందుకో వివరంగా రాస్తాను. మనబడిలో నేర్చుకున్న తెలుగు నీకు బాగానే గుర్తుందని తెలుసు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. ఎక్కడైనా అర్థం కాకపోతే అమ్మ చేత చదివించుకో. మీ నాన్నకు కూడా చూపించు.

నేనెప్పుడూ జట్టుకు కోచింగ్ ఇవ్వలేదు. కానీ నా ఉద్యోగ జీవితమంతా కాలేజీ క్రీడా విభాగంలో నిబంధనలు చూసే ఆఫీసులోనే గడిచింది. కోచ్‌లను ఎంపిక చేసే కమిటీల్లో కూర్చున్నాను. వాళ్లు చేరిన రోజూ చూశాను, సామాను సర్దుకుని వెళ్లిన రోజూ చూశాను. గొప్పగా ఆడినవాళ్లంతా గొప్పగా నేర్పలేకపోయారు. చాలాకాలం నిలబడినవాళ్లలో ఎక్కువమంది మాత్రం ఏదో ఒక చిన్న చోట, అన్ని పనులూ తామే చేసుకుని వచ్చినవాళ్లు.

నీకు తెలిసిన పెద్ద పేర్లే తీసుకో. మైక్ క్యాండ్రియా అరిజోనా యూనివర్సిటీలో ఎనిమిది జాతీయ టైటిళ్లు గెలిచారు, 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో అమెరికా జట్టుకు బంగారు పతకం తెచ్చారు. అంతకు ముందు ఆయన సెంట్రల్ అరిజోనా కాలేజీ అనే రెండేళ్ల కాలేజీలో కోచ్. ప్యాటీ గ్యాసో లాంగ్ బీచ్ సిటీ కాలేజీ నుంచి వచ్చి 1995లో ఓక్లహోమా యూనివర్సిటీ జట్టు పగ్గాలు పట్టుకుంది. అప్పుడు ఆ జట్టుకు సొంత స్టేడియం కూడా లేదు, ఊళ్లోని రీవ్స్ పార్క్‌లో ఆడేవాళ్లు. అదే జట్టు 2000లో మొదటి టైటిల్ గెలిచింది, 2021 నుంచి 2024 దాకా వరుసగా నాలుగేళ్లు గెలిచింది. మిషిగన్ యూనివర్సిటీలో 1985 నుంచి 2022 దాకా హెడ్ కోచ్‌గా ఉండి, తన కెరీర్ మొత్తంలో 1,707 ఆటలు గెలిచిన కారొల్ హచిన్స్ కూడా ఫెరిస్ స్టేట్ అనే చిన్న చోటే మొదలుపెట్టింది.

వేరే దారీ ఉంది, కాదనను. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో కెల్లీ ఇనూయే-పెరెజ్ నీలాగే బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్. అక్కడే ఆడి, అక్కడే పదేళ్లకు పైగా అసిస్టెంట్‌గా పనిచేసి, 2007లో హెడ్ కోచ్ అయింది. కానీ ఆమె చేసింది కోచింగ్. ఆ పేరున్న యూనివర్సిటీ నీకు ఇస్తామంటున్న ఉద్యోగంలో పిల్లలకు ఏదైనా నేర్పే పని ఉందా అని ఆ కాగితాలు రెండుసార్లు చూశాను. లేదు.

చిన్న కాలేజీలో ఏముంటుందో కూడా దాచకుండా చెబుతాను. ప్రాక్టీసుకు ముందు మైదానం చదును చేసేది నువ్వే, వాన పడితే టార్పాలిన్ లాగేది నువ్వే. బస్సు మాట్లాడాలి, రాత్రి పదకొండింటికి ఇరవై మందికి భోజనం ఎక్కడ దొరుకుతుందో చూడాలి, యూనిఫాంలు ఉతకాలి. ఉత్తరాదిన ఫిబ్రవరిలో మంచు పోదు కాబట్టి మొదటి వారాలన్నీ దక్షిణాదికి ప్రయాణాలే. విసుగొస్తుంది, రానీ. హెడ్ కోచ్ అయ్యాక వీటన్నిటి బడ్జెట్ నీ చేతికొస్తుంది. ఆ రోజు ఏ ఖర్చు తగ్గించవచ్చో, ఏది తగ్గిస్తే పిల్లలు ఇబ్బంది పడతారో చెప్పగలగాలంటే ఈ పనులన్నీ ఒకసారి నీ చేతుల మీదుగా జరిగి ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యంగా అక్కడ నీకు పిచ్చర్లు, అంటే బంతి వేసేవాళ్లు, దొరుకుతారు. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఏమనుకోకు. సాఫ్ట్‌బాల్ కోచ్ బతుకంతా పిచ్చర్ చేతి మీదే ఆధారపడి ఉంటుంది. 43 అడుగుల దూరం నుంచి వచ్చే బంతిని చూసి, కొట్టాలో వదలాలో తేల్చుకోవడానికి బ్యాటర్‌కు అర సెకను కూడా ఉండదు. అందుకే ఒక్క మంచి పిచ్చర్ దొరికితే సీజన్ అంతా ఆమె మీదే నడిపేయాలన్న ఆశ ప్రతి కోచ్‌కూ కలుగుతుంది. ఒక పిచ్చర్ ఎన్ని బంతులు వేయవచ్చో కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ నిబంధనల్లో పరిమితి లేదు. చెయ్యి కింద నుంచి తిప్పి వేస్తారు కాబట్టి భుజానికి ఏమీ కాదని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఆ మాట నమ్మకు. భుజం ముందు భాగం మీద, చేతి కండరం మీద పడే ఒత్తిడి తక్కువేం కాదు. శుక్ర, శని, ఆదివారాలు వరుసగా వేసిన అమ్మాయి సోమవారం పుస్తకాల సంచి భుజానికి తగిలించుకోలేక పోవడం నేను చూశాను.

2025 కాలేజీ సాఫ్ట్‌బాల్ జాతీయ ఫైనల్ గుర్తుందా? టెక్సాస్ టెక్ జట్టు ఓక్లహోమా సిటీలో అక్కడిదాకా రావడానికి దాదాపు ప్రతి ఇన్నింగ్స్ వాళ్ల పిచ్చర్ నైజారీ కెనడీ వేసింది. ఆమె లేకపోతే ఆ జట్టు ఫైనల్‌కే వచ్చేది కాదు. ఫైనల్ తేల్చే మూడో ఆట మొదటి ఇన్నింగ్స్‌లోనే ఎదుటి జట్టు టెక్సాస్ ఐదు పరుగులు కొట్టింది, ఆమెను తప్పించాల్సి వచ్చింది, టైటిల్ టెక్సాస్‌కు వెళ్లింది. ఆ కోచ్‌ను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. కానీ నీ జట్టులో రెండో పిచ్చర్‌ను, మూడో పిచ్చర్‌ను ఫిబ్రవరిలోనే, ఓడిపోయినా ఫర్వాలేని ఆటల్లోనే తయారు చేసుకో. ఎవరు ఎన్ని బంతులు వేశారో, ప్రాక్టీసులో వేసినవి కూడా కలిపి, రోజూ రాసిపెట్టు. నువ్వు క్యాచర్‌వి, వాళ్ల చెయ్యి అలిసిందని బంతి నీ గ్లవ్‌లో పడ్డ తీరును బట్టే తెలుస్తుంది. చాలామంది కోచ్‌లకు లేని తెలివిడి అది.

రిక్రూటింగ్, అంటే జట్టులోకి కొత్త పిల్లలను ఎంచుకోవడం గురించి. పదకొండో తరగతి సెప్టెంబర్ 1 దాకా కోచ్‌లు పిల్లలతో నేరుగా రిక్రూటింగ్ మాటలు మాట్లాడకూడదన్న నిబంధన డివిజన్ 1లో ఉంది. ఆ నిబంధన రాకముందు ఎనిమిదో తరగతి పిల్లలే ఫలానా కాలేజీకి వెళ్తామని మాట ఇచ్చేసిన రోజులున్నాయి. ఇప్పుడు కాస్త నయం. వేసవి టోర్నమెంట్లలో అందరూ హోమ్ రన్ కొట్టిన పిల్లను చూస్తారు. నువ్వు బంతి కొట్టలేక స్ట్రైక్ అవుట్ అయి వచ్చిన పిల్లను చూడు. బెంచీ మీద కూర్చుని ఏం చేస్తోంది, పక్కనున్న అమ్మాయితో ఎలా మాట్లాడుతోంది, ఆట అయ్యాక బ్యాగు తను మోసుకుంటోందా, నాన్న చేత మోయిస్తోందా? నాలుగేళ్లు నువ్వు కలిసి ఉండాల్సింది ఆ పిల్లతో.

డబ్బు విషయంలో ఒక్క అబద్ధం కూడా ఆడకు. నిన్నటిదాకా డివిజన్ 1 జట్టుకు 12 స్కాలర్‌షిప్పులు ఉండేవి, వాటినే ముక్కలు చేసి ఇరవై మందికి పైగా పంచేవాళ్లు. ఆ 2025 ఫైనల్ జరిగిన జూన్ 6నే, కాలేజీలు ఆటగాళ్లకు డబ్బు ఇవ్వడం మీద నడిచిన హౌస్ కేసు ఒప్పందానికి కోర్టు ఆమోదం వచ్చింది. ఆ ఒప్పందంలో చేరిన కాలేజీలకు స్కాలర్‌షిప్పుల పరిమితి పోయి, సాఫ్ట్‌బాల్ జట్టులో 25 మందే ఉండాలన్న పరిమితి వచ్చింది. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఇరవై ఆరో అమ్మాయికి చోటు లేదని చెప్పే బాధ్యత ఎవరో ఒక కోచ్ మీద పడుతుంది. అది నీ మీద పడిన రోజు మెసేజ్ పెట్టి ఊరుకోకు. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పు, కారణం చెప్పు, వేరే కాలేజీ కోచ్‌కు నువ్వే ఫోన్ చేసి మాట సాయం చెయ్యి. కాలేజీ మారాలనుకునేవాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక పిల్లలు జట్టు మారడం తేలికైంది, నిజమే. పిల్లలు మనల్ని వదిలి వెళ్తున్నారని నొచ్చుకునే కోచ్‌లను చూస్తే నాకు జాలి వేస్తుంది. కోచ్‌లు ఎప్పటి నుంచో అలా మారుతూనే ఉన్నారు కదా.

నా ఆఫీసు మాట కూడా ఒకటి వినాలి. సీజన్‌లో వారానికి 20 గంటలు, రోజుకు నాలుగు, ఒక రోజు సెలవు. ఈ లెక్క నిజాయితీగా రాయి. ‘ఇష్టమైతేనే రండి’ అని చెప్పి, రానివాళ్ల పేర్లు గుర్తుపెట్టుకునే ప్రాక్టీసులు పెట్టకు. ఏ అమ్మాయి బరువు గురించీ నోరెత్తకు. అది డాక్టరు, డైటీషియన్ చూసుకునే విషయం. కోచ్ సరదాగా అన్న ఒక్క మాటతో తిండి మానేసిన పిల్లలు నా ఆఫీసుకు వచ్చి కూర్చుని ఏడ్చారు.

1972లో, విద్యాసంస్థల్లో ఆడా మగా తేడా చూపకూడదనే టైటిల్ నైన్ చట్టం రాకముందు మహిళల కాలేజీ జట్లలో నూటికి తొంభైకి పైగా కోచ్‌లు ఆడవాళ్లే. చట్టం వచ్చాక జీతాలు పెరిగాయి, దాంతో మగవాళ్లు కూడా వచ్చారు, ఇప్పుడు ఆడ కోచ్‌లు సగం కంటే తక్కువ. కాబట్టి ఇంటర్వ్యూలో మొహమాటపడకు. మగపిల్లల బేస్‌బాల్ జట్టుకు ఏ హోటల్, మాకు ఏ హోటల్ అని అడుగు. హచిన్స్ మిషిగన్ స్టేట్‌లో బాస్కెట్‌బాల్ ఆడే రోజుల్లోనే, 1979లో, తోటి ఆటగాళ్లతో కలిసి సరిగ్గా ఇలాంటి తేడాల మీద తన కాలేజీ పైనే కోర్టుకు వెళ్లింది. అలా అడిగిన మనిషే ఆ తర్వాత అంతకాలం కోచ్‌గా నిలబడింది.

ఇక ఇంటి సంగతి. ఫిబ్రవరి నుంచి మే దాకా నీకు వారాంతాలు ఉండవు. ఉగాది ఏదో లీగ్ ఆటల సిరీస్ మధ్యలో వస్తుంది. బంధువుల పెళ్లిళ్లకు రాలేవు. ఎవరేమనుకున్నా ఆ సంగతి ముందే చెప్పేయి. మీ నాన్న భయం చదువు ఆగిపోతుందని. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ అంటే చాలా చోట్ల మాస్టర్స్ ఫీజు వాళ్లే కడతారు, చేతి ఖర్చుకు కొంత ఇస్తారు. ఫీజు మొత్తమా, కొంతేనా అన్నది కాగితం మీద రాయించుకో. హెల్త్ ఇన్సూరెన్స్ ఉందో లేదో అడుగు.

సంతకం పెట్టే ముందు ఆ హెడ్ కోచ్‌ను ఇంకో మూడు అడగాలి. ఆటలో పిచ్చర్ ఏ బంతి వేయాలో చెప్పే సిగ్నల్స్ నన్ను ఇవ్వనిస్తారా? రిక్రూటింగ్‌కు నన్ను ఒంటరిగా పంపిస్తారా? మీ దగ్గర ఇంతకు ముందు పనిచేసిన అసిస్టెంట్లు ఇప్పుడు ఎక్కడున్నారు? ఆ అసిస్టెంట్లలో ఒకరిద్దరికి నువ్వే ఫోన్ చెయ్యి. ఆవిడ ఓడిపోయిన రోజు బస్సులో ఎలా ఉంటుందో వాళ్లను అడుగు. వాళ్లు చెప్పింది నాకు కూడా చెప్పు. మీ నాన్నతో ఈ ఆదివారం నేను మాట్లాడతాను.

ప్రేమతో,
పెద్దమ్మ