బుజ్జీ, ఢీల్ ఇవ్వడం మర్చిపోకు

హైదరాబాద్

చిరంజీవి బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. రామేశ్వరంలో మూడు రోజులు నేర్చుకున్న కైట్ సర్ఫింగ్‌ని, అదే పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నీళ్లలో దూసుకుపోయే ఆటని, వచ్చే వారం బాపట్ల దగ్గరి సూర్యలంకలో ఒక్కదానివే చేస్తానన్నావట. మీ అమ్మ టెన్షన్ మీ అమ్మది. నేను వద్దనను, అన్నా వినవు.

రామేశ్వరంలో నువ్వు నిలబడింది నడుముల్లోతు నీళ్లలో. బోర్డు జారితే నడిచివెళ్లి తెచ్చుకున్నావు. సూర్యలంకలో దీవి లేదు, దిబ్బ లేదు, నేరుగా బంగాళాఖాతమే. స్నానానికి దిగినవాళ్లే అక్కడ కొట్టుకుపోతుంటారు.

గాలి ఎంతుందన్నది తర్వాత, ఎటు పోతోందో ముందు చూడు. గుప్పెడు ఇసుక భుజమెత్తులో పట్టుకుని వదులు. అది సముద్రం వైపు పోతే బ్యాగు విప్పనే విప్పకు. పొద్దున్నపూట తరచూ అంతే. జూన్ దాటితే పడమటి గాలి రోజంతా అలాగే వీచొచ్చు. అలాంటప్పుడు ఒడ్డున నీళ్లు చెరువులా కనిపిస్తాయి, అదే మోసం. కైట్ పడిపోతే నువ్వు తేలేది నడిసముద్రంలో. సూటిగా ఒడ్డుకు కొట్టే గాలి ఇసుక మీదికి విసిరేస్తుంది. ఒడ్డు వెంట, కాస్త ఏటవాలుగా నేల వైపు వీచేదే మనకు కావాలి.

గాలి వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలవుతుంది. 12 నాట్ల గాలికని పెద్ద కైట్ లేపాక గాలి 24కి పెరిగితే ఏమవుతుందో ఆలోచించు. ఇసుక రేణువులు పిక్కల్లో సూదుల్లా గుచ్చుతుంటే వెనక్కి వచ్చెయ్.

నా సంగతీ చెబుతాను. హుస్సేన్ సాగర్‌లో ఏళ్ల తరబడి తెరచాప పడవలు నడిపినవాణ్ని, గాలి నాకు తెలుసనుకున్నా. మొదటిసారి బీచ్‌లో కైట్ లేపగానే ఒక్క విసురు వచ్చింది. భయంతో బార్‌ని, అదే కైట్‌ని నడిపే చేతికర్రని, గుండెలకు లాక్కున్నా. దాన్ని లాగేకొద్దీ కైట్ బలం పెరుగుతుంది. పదిహేను అడుగులు ఇసుకలో ఈడ్చుకుపోయింది. మోచేతి మీద మచ్చ అదే. స్కూటర్ మీంచి పడ్డానని మీ అమ్మకు చెప్పాను, నువ్వూ అదే చెప్పు.

సంక్రాంతికి డాబా మీద పతంగి బరువుగా లాగితే ఏం చేసేదానివి? ఢీల్ ఇచ్చేదానివి, అంటే దారం వదిలేదానివి, చరఖా పట్టుకున్న నా వేళ్లు కాలేవి. ఇక్కడా అంతే, బార్ వదిలెయ్. అప్పటికీ లాగుతుంటే కైట్ లాగుడు తెంచే పిడి, క్విక్ రిలీజ్, తీసెయ్. ఇంట్లోనే కైట్‌ని తగిలించే నడుము పట్టీ, హార్నెస్, కట్టుకుని, కళ్లు మూసుకుని, ఇరవైసార్లు దాన్ని తడిమి పట్టుకో. హెల్మెట్ గురించి వాదించకు.

లైన్లే 20, 24 మీటర్లుంటాయి. గాలి పోయే దిక్కున దానికి రెండింతల ఖాళీ ఉండాలి, కాబట్టి జనముండే ఆదివారం వద్దు. పడమర మబ్బు నల్లబడితే ఉరుము వినిపించేదాకా ఆగకు, దించెయ్.

దించేటప్పుడు కైట్ పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. మంగళవారం రాత్రి రైలుకి నాకూ టికెట్ తియ్యి. పై బెర్తు మాత్రం వద్దు, మోకాళ్లు.

మీ పెదనాన్న