ఐసు కింది నీరు బరువెక్కడం గురించి, మా ఐసు దిమ్మల సాక్షిగా

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. జపాన్‌కు ఉత్తరాన ఉన్న ఓఖోట్స్క్ సముద్రం మీద కట్టే ఐసు దాదాపు మంచినీరే అయినప్పుడు దాని కింది నీరు ఎందుకు బరువెక్కుతుంది? బరువెక్కాక అట్టడుగుకు పోకుండా నడిమి లోతులో ఎందుకు ఆగిపోతుంది?

నేను సముద్రశాస్త్రం చదువుకోలేదు. అంతర్వేది దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లు పనిచేశాను. మొదటి ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది, అదీ నాలుక మీద.

మా బోరు నీళ్లు కాస్త ఉప్పన. వాటిని రేకు డబ్బాల్లో నింపి తొట్టిలో దింపితే ఐసు అంచుల నుంచి లోపలికి కడుతూ వస్తుంది. అంచు ముక్క నోట్లో వేసుకుంటే చప్పన. నడుమ గడ్డకట్టకుండా మిగిలిన నీళ్లు మాత్రం నోట్లో పెట్టలేం. నీరు గడ్డకట్టేటప్పుడు ఉప్పును తనలో ఇముడ్చుకోదు, పక్కకు నెట్టేస్తుంది. అందుకే ఆ నడిమి నీళ్లు తోడేసి మళ్లీ పోసేవాళ్లం. మరిచిపోయిన రోజున దిమ్మ మధ్యలో తెల్లటి చార, మాకు చీవాట్లు.

ఇదే పని ఓఖోట్స్క్ సముద్రంలో చలికాలమంతా జరుగుతుంది. వాయవ్య తీరంలో లోతు తక్కువ. అక్కడ నీరు మైనస్ 1.8 డిగ్రీల దాకా చల్లబడి గడ్డకడుతుంది, నెట్టేసిన ఉప్పు కింది నీటిలో చేరుతుంది. చలికి తోడు ఉప్పు కూడా కలిసి బరువెక్కిన ఆ నీరు సముద్రపు నేల మీదుగా జారి, సఖాలిన్ ద్వీపం తూర్పు తీరం వెంట దక్షిణానికి సాగుతుంది.

అయితే చాలామంది వదిలేసే మెలిక ఒకటుంది. ఐసు ఒకసారి పరుచుకుంటే దుప్పటి కప్పినట్టే, కింది నీటికి చలి సరిగా తగలదు. మా డబ్బాల్లోనూ మొదటి రెండంగుళాలు చకచకా కట్టేవి, నడుమకు వచ్చేసరికి ప్రాణం విసిగేది. అలాంటప్పుడు సముద్రంలో ఈ పని ఆగిపోవాలి కదా? ఆగనివ్వనిది సైబీరియా గాలి. భూమి మీది నుంచి వీచి, కట్టిన ఐసును కట్టినట్టే సముద్రం లోపలికి నెట్టేస్తుంది. తీరాన మళ్లీ నీరు బయటపడుతుంది, మళ్లీ గడ్డకడుతుంది. దిమ్మ తీసి డబ్బా నింపే మనిషి పని అక్కడ గాలి చేస్తోందన్నమాట. సముద్రంలో చాలాభాగం ఐసుతో నిండి ఉన్నా అసలు ఫ్యాక్టరీ ఐసు లేని ఆ ఖాళీలే.

ఇక రెండో ప్రశ్న. వరదల రోజుల్లో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నిలబడి చూసినవారికి ఇది తేలిక. గోదావరి ఎర్రనీరు సముద్రంలో చేరగానే కలిసిపోదు, తేలికగనుక పైన పరుచుకుంటుంది. ఓఖోట్స్క్‌లోకి ఆమూర్ నది అలాగే మంచినీరు తెచ్చి పోస్తుంది. అందువల్ల ఐసు ఎంత ఉప్పు వదిలినా అక్కడి నీటిలో ఉప్పు కిలోకు 33 గ్రాముల పైచిలుకే ఉంటుంది. పక్కనే ఉన్న పసిఫిక్ మహాసముద్రం అడుగున ఉన్న నీటిలో 34.6 గ్రాముల దాకా ఉంటుంది. ఈ తేడాను చలి ఒక్కటే పూడ్చలేదు. లోతులోని ఒత్తిడిని పక్కనపెట్టి తూచితే ఘనపు మీటరు నడిమి నీరు 1026.8 కిలోలు, అడుగు నీరు సుమారు 1027.7. కిలో కూడా లేదు తేడా! అంతమాత్రానికే అది అడుగుకు దిగలేక, కురిల్ దీవుల మధ్య బుసోల్ జలసంధి గుండా పసిఫిక్‌లోకి వస్తుంది. అక్కడి బలమైన పోటుపాట్లలో చిలికినట్టు కలిసి, ఉత్తర పసిఫిక్‌లో సుమారు 300 నుంచి 800 మీటర్ల లోతున పరుచుకుంటుంది. పోతూ పోతూ ప్రాణవాయువును, ఇనుమును మోసుకెళుతుంది. గత అర్ధశతాబ్దిలో ఓఖోట్స్క్ నడిమి నీరు వేడెక్కి, అందులో ప్రాణవాయువు తగ్గిందని కొలతలు చెబుతున్నాయి.

ఉప్పు సంగతి నమ్మబుద్ధి కాకపోతే గిన్నెడు ఉప్పునీళ్లు ఫ్రిజ్‌లో ఐసు కట్టే అరలో పెట్టండి. సగం గడ్డకట్టగానే తీసి, ఐసును చన్నీళ్లతో ఒక్కసారి కడిగి నోట్లో వేసుకోండి. తర్వాత మిగిలిన నీళ్లు ఒక్క చుక్క రుచి చూడండి, చుక్కే.